మామ డ్రమ్ములో వాలీన్

"మందు కనిపెట్టినావా?" అని నన్ను అడగనివాళ్లు మా బంధువుల్లో లేరు. పెళ్లిలో అడుగుతారు, చావింట్లో అడుగుతారు. ఒకసారి ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు కోసం నిలబడి ఉంటే, కదులుతున్న ఇంకో బస్సు కిటికీలోంచి దూరపు వదిన ఒకామె తల బయటపెట్టి మరీ అడిగింది. నేను మందు కనిపెట్టడం లేదు. కనిపెడతానని ఏ రోజూ ఎవరికీ మాటివ్వలేదు. ఒక ఎంజైము తన ముందుకొచ్చిన అమైనో ఆమ్లాల్లో దేన్ని రానిస్తుంది, దేన్ని వద్దంటుంది, ఎందుకు వద్దంటుంది అని చూడటం నా పని. ఈ మాట ఇలాగే చెబితే అవతలివాళ్లు ఓపిగ్గా విని, తల ఊపి, "అంతా బాగుండాది గానీ, మందు ఎప్పుడొస్తాది?" అంటారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

వీళ్లందరి కంటే ఎక్కువ అడిగినవాడు మా మామ. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. లింగాల దగ్గర అరటి తోట. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతూ, సెలవు రోజుల్లో విశ్వవిద్యాలయానికి పోయి పీహెచ్‌డీ పని చేసుకునేదాన్ని. అమ్మ జమ్మలమడుగులో ఉంటుంది. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఈ మూడు ఊళ్ల మధ్య తిరగడంలోనే నా ఓపికంతా అయిపోయేది. మిగిలింది మామ తీసుకునేవాడు.

లింగాల చుట్టుపక్కల అందరూ టిష్యూ కల్చరు పచ్చరటికి మారి ఎన్నో ఏళ్లయింది. మా మామ మాత్రం అమృతపాణి వదలడు. దాని రుచి వేరంటాడు. నిజమే, వేరే. కానీ ఆ రకానికి పనామా ఎండు తెగులంటే అసలు తట్టుకునే శక్తి లేదు. మట్టిలో ఉండే ఒక బూజు వేరులోంచి లోపలికి పోయి, చెట్టు నీళ్లు తాగే దారులను మూసేస్తుంది. ముందు కింది ఆకులు అంచుల నుంచి పసుపు తిరుగుతాయి, తర్వాత తొడిమ దగ్గర విరిగి బోదె చుట్టూ వేలాడతాయి. ఒకసారి తోటలోకి వచ్చిందంటే మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మా మామ ఆ తోటలోని పిలకలనే తీసి మళ్లీ నాటుతాడు కాబట్టి, దాన్ని తన చేత్తోనే ఊరేగించినట్టు లెక్క.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆ తోటలో మొదటి పిలక నా చేతే నాటించేవాడు. "మేనకోడలు చెయ్యి మంచిది" అని ఆయన నమ్మకం. కొత్తగా నాటు వేసే ప్రతిసారీ నన్ను పిలిపించి, గుంత తీసి పెట్టి, పిలక చేతికిచ్చేవాడు. పంట వచ్చాక మొదటి గెల జమ్మలమడుగు చర్చికి వచ్చేది, కోత పండుగకి. మా సంఘంలో కోత పండుగంటే అందరూ తమ మొదటి పంట తెచ్చి కానుకల బల్ల దగ్గర పెడతారు. జొన్నలు, శనగలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి గొర్రెపిల్ల. ప్రార్థన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. మామ గెల కోసం మగవాళ్లు పట్టుదలగా పాడేవాళ్లు. పాడుకున్నాయన దాన్ని ఇంటికి తీసుకుపోకుండా అక్కడే సండే స్కూలు పిల్లలకు పంచేవాడు. ఆ రోజంతా మామ ఇస్త్రీ చొక్కాలో తెల్లగా మెరుస్తూ తిరిగేవాడు.

అలాంటి మనిషి తోటలో తెగులు వచ్చింది. మోటారు షెడ్డు ఉన్న పై చేను మొత్తం పోయింది. వ్యవసాయ అధికారి వచ్చి చూసి, పై చేనే కాదు, కింద చేను కూడా తీసేసి కాల్చమన్నాడు, చాలా ఏళ్లపాటు అరటి మాట ఎత్తొద్దన్నాడు. పై చేను తీసేశాడు మామ. కింద చేను ఇంకా పచ్చగానే ఉంది. దాన్ని తీయడానికి మనసొప్పలేదు. ఎవరు చెప్పినా ఒకటే మాట. "నా మేనకోడలు చెప్పల్ల. ఆ పాప చేత్తో నాటింది. తీయమంటే తీస్తా, ఉంచమంటే ఉంచుతా."

అంటే ఆ కింద చేను బతకడమో చావడమో నా నోటి మీద పెట్టాడు. నాకేం తెలుసని? నేను వ్యవసాయం చదువుకోలేదు. ఎంజైముల గురించి చదువుకున్నాను.

దీనికంతటికీ మూలం ఒక ఫోటో. పై చేనులో అన్ని చెట్లూ ఎండుతుంటే, మోటారు షెడ్డు పక్కన మూలలో ఒక్క దుబ్బు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉండింది. పరిశోధనకు మట్టి బ్యాక్టీరియా కావాలని నేను వెతుక్కుంటున్న రోజులు. ఆ దుబ్బు కింద మట్టి తెచ్చి, అందులోంచి ఒక బ్యాసిల్లస్‌ను వేరుచేశాను. గాజు పళ్లెంలో ఆ తెగులు బూజును పెంచి మధ్యలో దీన్ని పెడితే, బూజు దీని దగ్గరికి రాలేక చుట్టూ ఖాళీ వలయం వదిలేసి ఆగిపోయింది. అందంగా ఉంది కదా అని ఫోటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నాను. సాయంత్రానికల్లా మా అత్త అది మామకు చూపించింది. అంతే. గాజు పళ్లెం వేరు, భూమి వేరు అని నేను అరిచి గీపెట్టినా ఆ తర్వాత ఒక్కరూ వినలేదు.

బూజును ఆపింది ఆ బ్యాక్టీరియా తయారుచేసే ఒక చిన్న పెప్టైడు, అంటే కొన్ని అమైనో ఆమ్లాల గొలుసు. అది తయారయ్యే తీరే నాకు కావాల్సింది. మన ఒంట్లో ప్రోటీన్లు ఎలా తయారవుతాయో ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. డీఎన్ఏ నుంచి నకలు వస్తుంది, ఆ నకలులో ఉన్న వరుసను బట్టి రైబోజోము అమైనో ఆమ్లాలను ఒకదాని వెంట ఒకటి అతికిస్తుంది. ఈ పెప్టైడు అలా తయారు కాదు. నకలు లేదు, రైబోజోము లేదు. పెద్ద పెద్ద ఎంజైములు వరసగా గదులు కట్టుకొని ఉంటాయి. ఒక్కో గది ఒక్కో అమైనో ఆమ్లాన్ని పట్టుకొని, గొలుసుకు తగిలించి, పక్క గదికి అందిస్తుంది. ఇది కావాలని చదివి చెప్పేవాళ్లెవరూ ఉండరు. తనకు ఏది కావాలో ఆ గదే పోల్చుకోవాలి. అలా పోల్చుకునే చోట గూడు లాంటి ఒక చిన్న అర ఉంటుంది. అమైనో ఆమ్లం అందులోకి దూరి సరిగ్గా కూర్చుంటేనే ఎంజైము మూత వేసినట్టు ముడుచుకొని, ఏటీపీ శక్తి ఖర్చుపెట్టి, దాన్ని తన కొక్కేనికి తగిలిస్తుంది. కుదరనిది జారి బయటికి పోతుంది.

ఆ అర గోడలు ఎలా ఉన్నాయన్నదే అసలు సంగతి. ప్రొద్దుటూరులో గాజుల అంగడామె మన చెయ్యి పట్టుకొని ఒకసారి నొక్కి చూసి సైజు చెప్పేస్తుంది. గాజు చిన్నదైతే చెయ్యి దూరదు, పెద్దదైతే జారిపోతుంది. అర కూడా దాదాపు అంతే. గోడలో ఒక చోట పరమాణువుల పెద్ద గుంపు అడ్డం వచ్చిందంటే చిన్న అమైనో ఆమ్లమే పడుతుంది. అక్కడ ఖాళీ ఉంటే పెద్దది కూడా పడుతుంది.

మా బ్యాక్టీరియాకు పది గదులు. గొడవంతా ఆరో గదితో. దీని చుట్టాలైన బ్యాక్టీరియాల్లో ఆరో గది అలనీన్‌ను తీసుకుంటుంది, వాలీన్‌ను కూడా తీసుకుంటుంది. అలనీన్ చిన్నది, వాలీన్ దానికంటే కొంచెం లావు. మా దాని ఆరో అర గోడలో ఒక చోట మిగతావాటిలో లేని పెద్ద అడ్డం ఉంది. కాబట్టి ఇది అలనీన్‌ను మాత్రమే తీసుకోవాలి. ల్యాబులో ఎన్నిసార్లు పెంచి చూసినా అలనీన్ ఉన్న పెప్టైడే వచ్చింది. నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం మొత్తం ఆ "మాత్రమే" మీద కట్టాను. మా గైడు గారికి కూడా ఆ అధ్యాయమే నచ్చింది.

అమ్మకు ఇదంతా చెప్పాను. పాపం, శ్రద్ధగా విన్నది. తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల సమయంలో లేచి నిలబడి, "నా బిడ్డ ఎంజైము సరైనదాన్నే పట్టుకోవాలని సంఘం ప్రార్థన చేయల్ల" అంది. ముందు వరుసలో నేను. అయ్యగారు కళ్లు మూసుకొని, ఏమాత్రం తడబడకుండా, "ప్రభువా, ఆ ఎంజైముకు వివేచన దయచేయుము" అని ప్రార్థించారు. ఆమెన్ అని చర్చి మొత్తం అంది. నేను కూడా అన్నాను, ఏం చేస్తాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కోత పండుగ వచ్చింది. ఆ పురుగును ఒక చిన్న సీసాలో తెచ్చిస్తే బల్ల మీద పెట్టి ప్రార్థన చేయిస్తానని అమ్మ పట్టుబట్టింది. అది మా మామ మట్టిలోంచి వచ్చిన బ్యాక్టీరియానే, మనుషులకు హాని లేనిది. అమ్మతో వాదించే ఓపిక లేక తెచ్చిచ్చాను. అమ్మ దాన్ని తీసుకుపోయి కానుకల బల్ల మీద, మామ గెలకూ ఎవరిదో గుమ్మడికాయకూ మధ్య పెట్టింది. బల్ల మీద పెట్టిందంటే అది కానుక. కానుకంటే వేలం. ఈ సంగతి ఆ చర్చిలో పుట్టి పెరిగిన అమ్మకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

గుమ్మడికాయ పోయాక వేలం వేసే సంఘ పెద్ద నా సీసా ఎత్తి పట్టుకున్నాడు. "ఇది మన నర్సమ్మ బిడ్డ కనిపెట్టిన మందు! అరటికి, శనగకి, దేనికైనా పని చేస్తాది! పాడండప్పా!"

రాజుపాలెం నుంచి వచ్చిన ఒక శనగ రైతు వెంటనే పాట మొదలుపెట్టాడు. మామ ఊరుకుంటాడా? ఆయనా పాడాడు. నేను లేచి నిలబడి, "అది మందు కాదు" అని చెయ్యెత్తాను.

"ఆ, పాప కూడా పాడింది!" అన్నాడు సంఘ పెద్ద.

"పాడలేదు! అది మందు కాదంటున్నాను!"

"పాప మళ్లీ పాడింది! నీ మందు నువ్వే కొనుక్కుంటే ఎట్ల పాపా?" అని నవ్వాడాయన. చర్చి అంతా నవ్వింది. మామ మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, గట్టిగా, అందరికంటే పైకి పాడి ఆ సీసా దక్కించుకున్నాడు. దాన్ని రుమాల్లో చుట్టి పై జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక సీసా వెనక్కి ఇమ్మని అడిగితే, "దేవుని ముందర పాడుకున్యా పాపా, యాడిస్తారు?" అన్నాడు.

తర్వాత కొన్ని వారాలకు లింగాల పోయాను. పై చేను ఖాళీగా ఉంది, మోటారు షెడ్డు పక్కన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, దాని మీద గోనెపట్ట. మామ కట్టెతో లోపల తిప్పుతున్నాడు. వాసన దూరం నుంచే వచ్చింది. ఆవు పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి. జీవామృతం. ఆ చుట్టుపక్కల ప్రకృతి సేద్యం చేసేవాళ్లందరూ కలుపుకునేదే.

"ఏంది మామా ఇది?"

"నీ పురుగు."

"నా పురుగును దీంట్లో ఏసినావా?"

"యాడేయల్ల మరి? ఆ సీసాలో రోంత నీళ్లుండాయి. దాంట్లో ఏం తిని బతుకుతాది? ఇప్పుడు సూడు, ఎట్ల నురగ కడతాండాదో."

"మామా, అది శుభ్రంగా పెంచల్ల. ఒక్కటే ఉండల్ల. నువ్వు దాన్ని పేడలో కలిపితే దాంట్లో ఇంకా ఏమేముండాయో ఎవరికి తెలుసు?"

"నలుగురితో ఉంటేనే బతుకుతాది ఏదైనా" అన్నాడు, కట్టె తిప్పడం ఆపకుండా. "ప్రకృతి సేద్యం వాళ్లు చెప్పినదానికంటే శనగపిండి ఎక్కువే ఏసినా. మన పురుగు గదా."

మన పురుగు గదా! ఆ మాటకు నాకు ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు. కోపం మాత్రం బాగా వచ్చింది. ఆయన ఆ నురగను ఒక మంచినీళ్ల సీసాలో నింపి నా బ్యాగులో దూర్చాడు. "టెస్టు చెయ్యి. బాగుంటే కింద చేనుకు పారిస్తా. అప్పుడు తీసే పని ఉండదు గదా?" ఆ ఆఖరి మాట అంటూ ఆయన నా మొహంలోకి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. పైకి మాత్రం నేను విసుక్కుంటూనే బస్సెక్కాను. దారిపొడుగునా ఆ సీసా మూతలోంచి కారి, పక్కన కూర్చున్నామె ముక్కు మూసుకొని వేరే సీటుకు మారింది.

దాన్ని పారబోయకుండా ల్యాబుకు తీసుకుపోయింది ఒకే ఒక్క కారణంతో. ఇందులో ఏమీ లేదని ఒక కాగితం చేతిలో పెడితేనన్నా మామ నోరు మూస్తాడని. నా మామూలు నమూనాలతో పాటు దాన్ని కూడా పాలు విరిచినట్టు ఆమ్లంతో విరిచి, శుభ్రం చేసి, అణువుల బరువులు తూచే యంత్రం ఉన్న వేరే సంస్థకు పంపాను. ఫలితం మెయిల్లో వచ్చింది. గ్రాఫులో నా నమూనాలకు ఎప్పుడూ వచ్చే శిఖరమే వచ్చింది. మామ డ్రమ్ములో అది చిన్నగా ఉంది, దాని పక్కన ఇంకొక పెద్ద శిఖరం ఉంది. మొదటిదానికంటే సరిగ్గా ఇరవై ఎనిమిది యూనిట్లు ఎక్కువ బరువు. అలనీన్‌కూ వాలీన్‌కూ ఉన్న తేడా అదే. ముక్కలు చేసి చూస్తే ఆ ఎక్కువ బరువు ఆరో స్థానంలోనే ఉంది.

కాలేజీ స్టాఫ్ రూములో కూర్చొని ఆ తెరను ఎంతసేపు చూశానో తెలియదు. ఆరో గదిలో వాలీన్. నా నాలుగో అధ్యాయంలో, పెద్ద అడ్డం ఉన్న ఆ అరలో, దూరకూడని వాలీన్.

గైడు గారు తేలిగ్గా తీసుకున్నారు. "డ్రమ్ములో వెయ్యి రకాల సూక్ష్మజీవులుంటాయమ్మా. ఆ వాలీన్ పెప్టైడు వేరే దేనిదో అయ్యుంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, గ్రంథం సమర్పించండి" అన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. పేడ డ్రమ్ము సాక్ష్యం కాదు. నేనూ అలాగే వదిలేద్దామనుకున్నాను. కానీ ఆ శిఖరం కళ్లు మూసుకున్నా కనిపించేది. చివరికి మామను తిట్టుకుంటూ, కేవలం నా బ్యాక్టీరియా ఒక్కటే ఉన్న ద్రావణంలో విడిగా వాలీన్ కలిపి పెంచాను. వాలీన్ పెప్టైడు వచ్చింది. వాలీన్ బదులు శనగపిండిని బాగా కుళ్లబెట్టి, వడగట్టి, క్రిములు లేకుండా చేసి కలిపాను. రెండూ వచ్చాయి. ఆరో గదిని ఎంజైము నుంచి విడదీసి, ఒక్కదాన్నే తయారుచేసి, ఒక్కో అమైనో ఆమ్లాన్ని విడివిడిగా ఇచ్చి చూశాను. అలనీన్‌ను గబగబా తీసుకుంది. వాలీన్‌ను నెమ్మదిగా తీసుకుంది. లూసీన్‌ను వద్దంది, ఫినైల్ అలనీన్‌ను దగ్గరికే రానివ్వలేదు.

అంటే ఆ గది ఎప్పుడూ వాలీన్‌ను కూడా తీసుకుంటూనే ఉంది. నేను పెంచే ద్రావణంలో వాలీన్ అంతగా లేదు కాబట్టి నాకు కనిపించలేదు. మామ డ్రమ్ములో శనగపిండి విరిగి వాలీన్ గుంపులుగా తయారైంది. చేతికి సబ్బు రాసి నొక్కితే చిన్న గాజు కూడా ఎక్కుతుంది కదా, అలా ఎక్కింది. అర గోడలు ఎంత ముఖ్యమో, అర బయట ఏది ఎంత నిలబడి ఉందో కూడా అంతే ముఖ్యం. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న విషయమే. నేనే క్లాసులో చెబుతాను కూడా. "మాత్రమే" కొట్టేసి, నాలుగో అధ్యాయం మొదటి నుంచి తిరగరాయాల్సి వచ్చింది. గడువు పొడిగించమని మళ్లీ అర్జీ. ఆ వేసవంతా నేను మామతో ఫోన్లో సరిగ్గా మాట్లాడలేదు.

ఆయన మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. "పాపా, శనగపిండి పని చేసిందంట గదా, మీయమ్మ చెప్పె. కింద చేనుకు పారించమంటావా?"

"అది వేరే సంగతి మామా. ఎంజైముకు పని చేసింది. చెట్టుకు కాదు."

"ఎంజైముకు పని చేస్తే చెట్టుకు చెయ్యదా?"

ఎలా చెప్పాలి? అలనీన్ పెప్టైడైనా, వాలీన్ పెప్టైడైనా గాజు పళ్లెంలో బూజును బాగానే ఆపుతున్నాయి. మట్టిలో ఏమవుతుందో తెలియాలంటే మట్టిలోనే చూడాలి. విశ్వవిద్యాలయం షేడ్ నెట్టు కింద కుండీల్లో అమృతపాణి పిలకలు నాటించాను. అన్నిటికీ బూజు కలిపిన మట్టి. సగానికి నా బ్యాక్టీరియా, శనగపిండి నీళ్లతో సహా. ఇది నా గ్రంథానికి అవసరం లేదు. గైడు గారు ఎందుకమ్మా అని అడిగారు కూడా. నేను కుండీలకు నెంబర్లు రాసుకుంటూ పోయాను.

బ్యాక్టీరియా లేని కుండీలు ముందు పసుపు తిరిగాయి. ఉన్నవి పచ్చగా నిలబడ్డాయి. నేను కాలేజీకి సెలవు పెట్టి మరీ రోజూ పోయి చూసేదాన్ని, ఫోటో మాత్రం తీయలేదు. తర్వాత అవి కూడా పసుపు తిరిగాయి. కొంచెం ఆలస్యం, అంతే. దుంప కోసి చూస్తే లోపల ఆ తెగులు తెచ్చే ఎర్రటి మరక.

లింగాలకు అమ్మ కూడా వస్తానంది. దారిలో "నిదానంగా చెప్పు" అని ఒకటే పోరు. మామ మమ్మల్ని నేరుగా కింద చేనుకు తీసుకుపోయాడు. చెట్లు శుభ్రంగా ఉన్నాయి, మరీ శుభ్రంగా. దగ్గరికి పోయి చూస్తే కొన్ని బోదెల మీద కింది ఆకుల తొడిమలు కొత్తగా కోసిన గుర్తులు. నేను వస్తున్నానని తెలిసి, పసుపు ఆకులన్నీ పొద్దున్నే కోసి ఎక్కడో పడేశాడు. డాక్టరు వచ్చే ముందు రోగికి జుట్టు దువ్వి పౌడరు రాసి కూర్చోబెట్టినట్టు.

"తీసెయ్ మామా."

ఆయన నా వైపు చూడలేదు. ఒక చెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "నువ్వు చెప్తాండావా, ఆ ఆఫీసరు చెప్పినాడని చెప్తాండావా?"

"నేనే చెప్తాండా. కుండీల్లో పెట్టి చూసినా. నా పురుగు రోంతసేపు ఆపుతాది. అంతే. అది ఆపలేదు మామా. తీసెయ్."

మామ షెడ్డు దగ్గరికి పోయి మచ్చుకత్తి తెచ్చాడు. "సరే. అయితే మొదటిది నువ్వే కొట్టు. నాటింది నువ్వు గదా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

కొట్టాను. అరటి బోదె మెత్తగా ఉంటుంది, రెండు వేట్లకే ఒరిగింది. నీళ్లు చిమ్మి నా చీర మీద పడ్డాయి. అరటి మరక పోదు, ఎన్ని సబ్బులు పెట్టినా పోదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఏడ్చాను. మామ నా చేతిలోంచి కత్తి తీసుకొని మిగతా పని మొదలుపెట్టాడు.

గ్రంథం సమర్పించాను, డాక్టరేటు వచ్చింది. మౌఖిక పరీక్షలో ఆరో గది గురించే ఎక్కువ అడిగారు, వాలీన్ ఆలోచన ఎలా వచ్చిందని కూడా అడిగారు. డ్రమ్ములోంచి వచ్చిందంటే అందరూ నవ్వారు. తర్వాతి కోత పండుగకు మామ గెలకు బదులు శనగల మూట తెచ్చి బల్ల కింద పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎవరూ పెద్దగా పాడలేదు. శనగలు అందరి దగ్గరా ఉంటాయి. "మందు ఎప్పుడొస్తాది పాపా?" అని సంఘ పెద్ద నన్ను మళ్లీ అడిగాడు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. పై చేను, కింద చేను అంతా దున్ని శనగ వేశాడు. మోటారు షెడ్డు పక్కన మూల మాత్రం దున్నలేదు. నేను మొదట మట్టి తీసుకున్న ఆ చోటే. అక్కడి దుబ్బు కూడా ఎప్పుడో ఎండిపోయింది, దాన్ని తీసేశాడు. కానీ ఆ కాస్త నేల చుట్టూ కంపచెట్ల కొమ్మలు కొట్టి కంచె వేశాడు. ట్రాక్టరు దాన్ని చుట్టి పోవాల్సిందే. ఎందుకంటే, అది నా పురుగు ఇల్లట.

"నా పురుగు ఫ్రీజర్లో ఉండాది మామా. గడ్డకట్టించి పెట్టినాం. ఎన్నేళ్లైనా ఉంటాది."

"ఫ్రిజ్జులో ఎన్ని దినాలు ఉంటాది పాపా? దానికీ ఇల్లూ వాకిలీ ఉండల్ల గదా."

ఆ మూలలో నా పురుగే కాదు, ఆ బూజు కూడా ఉంటుంది. దున్నినా దున్నకపోయినా ఉంటుంది, అది వేరే సంగతి. కానీ అక్కడ నీళ్లు నిలబెట్టడం, అక్కడ తొక్కిన కాళ్లతో పక్క తోటల్లోకి పోవడం మంచిది కాదు. మొన్న ఈ సంగతి ఖరాఖండీగా చెప్పి ఆ కంచె తీయించాలనే పోయాను. బస్సులో మాటలన్నీ వరస పెట్టుకున్నాను. పోయేసరికి మామ కంచె లోపల గొంతుకూర్చొని, చిన్న బకెట్టులో ఏదో కలిపి ఆ నేల మీద చిలకరిస్తున్నాడు. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. కట్టె నా చేతికిచ్చాడు, కలపమని.

నేను అది తీసుకొని, చీర ఎత్తి పట్టుకొని, ఆయన పక్కన కూర్చున్నాను. చెప్పాలనుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. చివరికి అడిగింది మాత్రం, "శనగపిండి ఏసినావా?" అని.

"ఏసినా" అన్నాడు మామ. "రోంత ఎక్కువే ఏసినా."